పిల్లల క్యాన్సర్ వార్డులో శ్వాసకోశ వైరసుల వ్యాప్తిని గుర్తించడం

పాఠం ఉద్దేశం

ముంబయిలోని పరేల్‌లో 1941 ఫిబ్రవరి 28న టాటా మెమోరియల్ ఆసుపత్రి ప్రారంభమైంది. నాటి నుండి నేటి వరకు దేశం నలుమూలల నుండి క్యాన్సర్ రోగులు ఈ నగరానికి వస్తూనే ఉన్నారు. వారిలో పసిపిల్లలు ఉన్నారు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌ల నుండి, షోలాపూర్ వంటి చోట్ల స్థిరపడిన తెలుగు కుటుంబాల నుండి వచ్చే పిల్లలూ ఉన్నారు. ఇక్కడ తరతరాలుగా నివసిస్తున్న తెలుగువారి ఇంటికి ఏదో ఒకనాడు ఊరి నుండి అట్టి కబురు వస్తుంది. ఆసుపత్రికి తోడు వెళ్లవలసి వస్తుంది. చూడటానికి వెళ్లవలసి వస్తుంది. మాట చెప్పి పెట్టవలసి వస్తుంది.

ఆ సమయంలో తెలిసి ఉండవలసిన ఒక విషయాన్ని ఈ పాఠం వివరిస్తుంది. క్యాన్సర్ చికిత్స పొందుతున్న పిల్లలున్న వార్డులో జలుబు వంటి శ్వాసకోశ వ్యాధి ఒకరి నుండి ఒకరికి పాకుతున్నదని ఎలా కనిపెడతారు? ఆ పనిలో యంత్రం పాత్ర ఎంత, మనిషి మాట పాత్ర ఎంత?

చిన్న జలుబు, పెద్ద ప్రమాదం

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 19 ఏళ్లలోపు వారిలో ఏటా సుమారు 4 లక్షల మందికి క్యాన్సర్ వస్తున్నది. సకాలంలో గుర్తించి, చికిత్స పూర్తి చేయగలిగిన సంపన్న దేశాలలో ప్రతి 100 మంది పిల్లలలో 80 మందికి పైగా కోలుకుంటున్నారు. అన్ని దేశాలలోనూ కనీసం 60 శాతం పిల్లలు బ్రతికి బయటపడాలన్నది 2030 నాటికి ఆ సంస్థ పెట్టుకున్న లక్ష్యం. కనుక ఈ పిల్లల విషయంలో ఆశకు బలమైన ఆధారమున్నది. అయితే ఆ ఆశ నెరవేరాలంటే చికిత్స మధ్యలో ఆగరాదు. చికిత్స కాలంలో వచ్చే ఇతర రోగాలు ప్రాణం తీయరాదు.

కీమోథెరపీ మందులు క్యాన్సర్ కణాలతోపాటు ఎముక మజ్జలో పుట్టే తెల్ల రక్తకణాలను కూడా తగ్గిస్తాయి. వీటిలో న్యూట్రోఫిల్స్ అనే కణాలు బాక్టీరియాను, శిలీంధ్రాలను ఎదుర్కొనే మొదటి కాపలాదారులు. మైక్రోలీటరు రక్తంలో వీటి సంఖ్య 500 కంటే తగ్గితే వైద్యులు దానిని తీవ్రమైన కొరతగా పరిగణిస్తారు. వైరసులను అదుపు చేసే లింఫోసైట్లు కూడా చికిత్స వలన క్షీణిస్తాయి. అట్టి స్థితిలో ఇతర పిల్లలకు 4 రోజులలో తగ్గిపోయే జలుబు ఈ పిల్లలకు ఊపిరితిత్తుల వరకు దిగి న్యుమోనియా కావచ్చు. వైరస్ దెబ్బ తీసిన శ్వాసనాళంలో బాక్టీరియా చేరవచ్చు. ప్రాణాపాయం లేకపోయినా కీమో తేదీ వాయిదా పడవచ్చు. ఒక వార్డులో ఒకేసారి నలుగురికి ఇలా జరిగితే నలుగురి చికిత్స వెనుకబడుతుంది.

ఈ వ్యాధులను కలిగించే ముఖ్యమైన వైరసులు: ఆర్‌ఎస్‌వి, ఇన్‌ఫ్లుయెంజా, పారాఇన్‌ఫ్లుయెంజా, అడినోవైరస్, రైనోవైరస్, మెటాన్యుమోవైరస్, కోవిడ్‌ను కలిగించే కరోనావైరస్. వీటిలో మెటాన్యుమోవైరస్‌ను నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞులు 2001లో తొలిసారి గుర్తించారు. మిగిలిన వాటిలో చాలావరకు అంతకుముందే తెలిసినవి. ముంబయిలో ఇన్‌ఫ్లుయెంజా వర్షాకాలంలో హెచ్చుతుంది. అందుచేత జూన్ నుండి సెప్టెంబరు వరకు ఈ వార్డులలో జాగ్రత్త రెట్టింపు కావలెను.

లక్షణం దాగి ఉంటుంది

ఇతర వార్డులలో జ్వరం, దగ్గు, ముక్కు కారడం చూసి రోగాన్ని పసిగడతారు. ఇక్కడ ఆ గుర్తులు అంత నమ్మదగినవి కావు. దానికి మూడు కారణాలు.

మొదటిది: రోగనిరోధక శక్తి వైరస్‌తో పోరాడుతున్నప్పుడే జ్వరం, కఫం, వాపు కలుగుతాయి. పోరాడే కణాలే లేనప్పుడు ఆ గుర్తులు పలుచగా ఉంటాయి. కొన్నిసార్లు ఎక్స్‌రేలో సైతం మచ్చ ఆలస్యంగా కనిపిస్తుంది.

రెండవది: రక్త క్యాన్సర్ చికిత్సలో ఇచ్చే స్టిరాయిడ్ మందులు జ్వరాన్ని అణచివేయగలవు. ఒళ్లు చల్లగా ఉన్నదని నిశ్చింతగా ఉండరాదు.

మూడవది దీనికి విరుద్ధం. ఈ పిల్లలకు జ్వరం రావడానికి కారణాలు అనేకం. జ్వరం రాగానే వైద్యులు ముందుగా బాక్టీరియాను అనుమానించి ఆలస్యం చేయక యాంటీబయాటిక్ ఇస్తారు. అది సరైన పనే. కాని ఆ హడావుడిలో పక్క పడక బిడ్డకు నిన్నటి నుండి ముక్కు కారుతున్న సంగతి ఎవరికీ తట్టకపోవచ్చు.

అందువలన ఒక్కొక్క బిడ్డను విడివిడిగా చూస్తే వ్యాప్తి కనిపించదు. అందరినీ ఒకే కాగితం మీద పక్కపక్కన పెట్టి చూస్తేనే కనిపిస్తుంది.

వ్యాప్తి అనగానేమి?

ఒక చోట, ఒక కాలంలో, మామూలుగా ఉండే సంఖ్య కంటే ఎక్కువ మందికి ఒకే వ్యాధి సోకడం, వారి మధ్య సంబంధం ఉండటం, దీనినే వ్యాప్తి అంటారు. ఈ నిర్వచనంలో ‘మామూలుగా ఉండే సంఖ్య’ అన్న మాట ముఖ్యమైనది. మామూలు సంఖ్య ఎంతో తెలియాలంటే వ్యాప్తి లేని రోజులలో కూడా లెక్క రాసి ఉంచవలెను. నిప్పు అంటుకున్న తరువాత బావి త్రవ్వితే ప్రయోజనం లేదు. పిల్లల క్యాన్సర్ వార్డులో మామూలు సంఖ్య సున్నాకు దగ్గరగా ఉండవలసినదే కనుక, కొద్ది రోజుల వ్యవధిలో రెండు కేసులు రాగానే వాటిని హెచ్చరికగా తీసుకోవడం వివేకం.

రెండవ కీలకం పొదుగుదల కాలం. వైరస్ శరీరంలో ప్రవేశించిన నాటి నుండి లక్షణం బయటపడే నాటి వరకు గల వ్యవధికి ఈ పేరు. ఇన్‌ఫ్లుయెంజాకు ఇది 1 నుండి 4 రోజులు. ఆర్‌ఎస్‌వికి 2 నుండి 8 రోజులు, సాధారణంగా 4 నుండి 6. పారాఇన్‌ఫ్లుయెంజాకు 2 నుండి 6. అడినోవైరస్‌కు 2 వారాల వరకు పట్టవచ్చు. బిడ్డ చేరిన తేదీ, లక్షణం మొదలైన తేదీ, ఈ రెంటి మధ్య దూరాన్ని పొదుగుదల కాలంతో పోల్చితే, రోగం బయట నుండి వచ్చినదా, ఆసుపత్రిలో అంటుకున్నదా అన్నది చాలావరకు తేలుతుంది.

ఒక అభ్యాస పట్టిక

ఈ క్రింది పట్టిక బోధన కొరకు కల్పించినది. ఏ ఆసుపత్రికీ చెందినది కాదు. 12 పడకల వార్డులో ఆగస్టు 8 సాయంకాలం నర్సు రాసిన లెక్క ఇది అనుకొనండి.

పడక 3: చేరినది ఆగస్టు 1. ముక్కు కారడం ఆగస్టు 2.
పడక 4: చేరినది జూలై 20. దగ్గు ఆగస్టు 7.
పడక 9: చేరినది జూలై 25. జ్వరం మాత్రమే, ఆగస్టు 8.
పడక 11: చేరినది ఆగస్టు 6. ముక్కు కారడం ఆగస్టు 8.
పడక 4 బిడ్డ తల్లి: జలుబు, ఆగస్టు 6.
ఒక నర్సు: గొంతు నొప్పి, ఆగస్టు 7.

ఇప్పుడు చదవండి. పడక 3 బిడ్డకు చేరిన మరునాడే లక్షణం కనిపించింది. కనుక ఆ వైరస్ బయట నుండి వచ్చినట్టే. పడక 4 బిడ్డ 18 రోజులుగా, పడక 9 బిడ్డ 14 రోజులుగా వార్డులోనే ఉన్నారు. వారికి సోకినది లోపలనే. పడక 11 బిడ్డ చేరి 2 రోజులే అయినది. ఎటు వైపూ తేల్చి చెప్పలేము.

వైరస్ ఆర్‌ఎస్‌వి అని అనుమానిద్దాం. పడక 4 బిడ్డకు అది సోకిన రోజు జూలై 30, ఆగస్టు 5 తేదీల మధ్య ఉండవలెను. పడక 9 బిడ్డకు జూలై 31, ఆగస్టు 6 మధ్య. ఆ రోజులలో ముగ్గురూ కలిసిన చోటు ఏది? పడకలు 3, 4 పక్కపక్కనే ఉన్నవి. కాని పడక 9 దూరంగా ఉన్నది. విచారిస్తే ఆగస్టు 3న ముగ్గురూ ఆటల మూలలో ఒకే బొమ్మల పెట్టెతో ఆడుకున్నారని తెలిసింది. నాటి నుండి లెక్కిస్తే ఒకరికి 4వ రోజు, మరొకరికి 5వ రోజు లక్షణం. సరిగ్గా సరిపోయింది. తల్లి, నర్సు అదే గొలుసులో తరువాతి కడియాలు కావచ్చు.

గమనించండి: ఇంతవరకు ఏ యంత్రమూ వాడలేదు. కాగితం, తేదీలు, పడకల సంఖ్యలు, అడిగిన ప్రశ్నకు నిజమైన జవాబు, ఇవి చాలినవి. పడక 9 బిడ్డకున్న జ్వరాన్ని విడిగా చూస్తే వంద కారణాలలో ఒకటి. పట్టికలో చూస్తే అది మూడవ కేసు.

పరీక్షాశాల చెప్పేది, చెప్పనిది

అనుమానం కలిగిన తరువాత ముక్కు లోపలి నుండి మెత్తని పుల్లతో స్రావం తీసి పీసీఆర్ పరీక్షకు పంపుతారు. కేరీ మల్లిస్ 1983లో కనిపెట్టిన ఈ పద్ధతికి 1993లో రసాయన శాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. వైరస్ జన్యుపదార్థంలోని చిన్న ముక్కను కోట్ల ప్రతులుగా పెంచి చూపడం దీని ప్రత్యేకత. ఒకే నమూనాలో అనేక వైరసులను ఒకేసారి వెదికే పరీక్షలు కూడా ఉన్నవి. ఫలితం కొద్ది గంటలలోనే రావచ్చు.

మన పట్టికలో నలుగురు పిల్లలకూ ఆర్‌ఎస్‌వి ఉన్నట్టు తేలిందనుకొనండి. అంతటితో నలుగురూ ఒకే గొలుసు అని నిర్ణయించరాదు. ఆర్‌ఎస్‌విలో ఎ, బి అని రెండు రకాలు ఉన్నవి. 3, 4, 9 పడకల పిల్లలలో ఎ రకం, పడక 11 బిడ్డలో బి రకం కనిపించినట్లయితే, పడక 11 బిడ్డ తన వైరస్‌ను వేరుగా బయట నుండి తెచ్చుకున్నట్టు. అప్పుడు వార్డులో ఒక వ్యాప్తితోపాటు రెండవ దానికి బీజం కూడా పడినట్టే. నలుగురినీ ఒకే గదిలో పెట్టడం పొరపాటు అవుతుంది. రకం ఒకటే అయినప్పుడు కూడా సంబంధం పూర్తిగా రుజువైనట్టు కాదు. నగరమంతా అదే రకం తిరుగుతూ ఉండవచ్చు. జన్యుక్రమాన్ని మొత్తం చదివి పోల్చితే మరింత స్పష్టత వస్తుంది.

ఇంకొక చిక్కు ఉన్నది. ఆరోగ్యవంతులు ఆర్‌ఎస్‌విని సాధారణంగా 3 నుండి 8 రోజుల వరకు ఇతరులకు అంటించగలరు. రోగనిరోధక శక్తి తగ్గిన పిల్లలు లక్షణాలు తగ్గిన తరువాత కూడా 4 వారాలు, అంతకు మించి వైరస్‌ను వెలువరించవచ్చు. కనుక నేటి పరీక్షలో వైరస్ కనిపించినంత మాత్రాన అది నేటి రోగం కానక్కరలేదు. పోయిన నెలది కావచ్చు. ఈ తేడాను యంత్రం చెప్పలేదు. తేదీలు రాసి ఉన్న కాగితమే చెప్పాలి.

చేతుల సాక్ష్యం

వైరస్ పడక నుండి పడకకు ఎలా వెళుతుంది? అమెరికాలోని రాచెస్టర్ నగరంలో కెరొలిన్ బ్రీస్ హాల్ అనే శిశువైద్యురాలు, సహచరునితో కలిసి 1981లో ప్రచురించిన ప్రయోగం దీనికి చక్కని జవాబు. ఆర్‌ఎస్‌వి సోకిన శిశువుల విషయంలో స్వచ్ఛంద సేవకులను మూడు జట్లుగా విభజించారు. మొదటి జట్టు వారు బిడ్డను ఎత్తుకుని లాలించారు. రెండవ జట్టు వారు బిడ్డ లేనప్పుడు గదిలోని వస్తువులను తాకి, తరువాత తమ ముక్కును, కళ్లను తాకుకున్నారు. మూడవ జట్టు వారు బిడ్డకు 6 అడుగులకు మించిన దూరాన కూర్చున్నారు. ఎత్తుకున్న 7 మందిలో 5 మందికి సోకింది. వస్తువులను తాకిన 10 మందిలో 4 మందికి సోకింది. దూరాన కూర్చున్న 14 మందిలో ఒక్కరికీ సోకలేదు.

దగ్గరగా వచ్చినవారు, తాకిన చేతులు ఈ వైరస్‌కు వాహనాలని దీని వలన తెలుస్తున్నది. అయితే అన్ని వైరసులూ ఇలాగే నడవవు. ఇన్‌ఫ్లుయెంజా, కరోనావైరస్ గాలిలో కూడా ప్రయాణించగలవు. వాటికి మాస్కు, గాలి వెలుతురు అవసరం. అడినోవైరస్, రైనోవైరస్‌లకు కొవ్వు పొర ఉండదు గనుక ఆల్కహాల్ ద్రవానికి అవి అంత తేలికగా లొంగవు. సబ్బు, నీటితో చేతులు బాగా కడుగుకోవాలి. ఏ వైరసో గుర్తించనిదే ఏ జాగ్రత్తకు ప్రాధాన్యమివ్వాలో తెలియదు.

నిజం చెబితే నష్టమా?

పై పట్టికలో అన్నిటికంటే విలువైన సమాచారం ఆగస్టు 1న దొరకవలసి ఉన్నది. పడక 3 బిడ్డ అన్నకు ధర్మశాలలో నాలుగు రోజులుగా జలుబు ఉన్నదని తండ్రికి తెలుసు అనుకొనండి. చేర్చుకునేటప్పుడు అడిగారు. ఆయన లేదన్నాడు. ఎందుకు?

రెండు రాత్రులు రైలులో కూర్చుని వచ్చిన మనిషి. పడక కోసం ఎదురుచూసిన మనిషి. జలుబు అన్న మాట నోట వస్తే కీమో వాయిదా పడుతుందేమో, పడక మరొకరికి పోతుందేమో, ధర్మశాలలో చోటు పోతుందేమో అని భయం. ఆ భయాన్ని తప్పుపట్టడం తేలిక. అది లేకుండా చేయడమే అసలు పని. ఆసుపత్రి వైపు నుండి మాట స్పష్టంగా ఉండాలి: జలుబు ఉన్నదని చెప్పినందువలన పడక పోదు, వరుస పోదు. కీమో కొద్ది రోజులు ఆపవలసి వస్తే అది ఆ బిడ్డ మేలు కోరి వైద్యులు తీసుకునే నిర్ణయం. వైరస్ ఒంట్లో ఉండగా తెల్లకణాలను మరింత తగ్గించడం ప్రమాదమని వారికి తెలుసు. దాచిపెట్టిన జలుబు ఆ బిడ్డ కీమోనూ ఆపుతుంది, పక్క పిల్లల కీమోనూ ఆపుతుంది.

ఈ భయం కుటుంబాలకే పరిమితం కాదు. జీతం కోతకు వెరచి గొంతు నొప్పితోనే పనికి వచ్చే ఆయా ఉండవచ్చు. చెడ్డపేరు వస్తుందని లెక్క తగ్గించి రాసే వార్డు ఉండవచ్చు. కేసులు ఎక్కువగా రాసిన వార్డును నిందించే చోట ఏ వ్యాప్తీ సకాలంలో బయటపడదు. ఎక్కువ కేసులు రాసినది తరచుగా ఎక్కువ శ్రద్ధగా చూసిన వార్డే.

సర్ది, రొంప, పడిశం

లెక్క సరిగా ఉండాలంటే ప్రశ్న అర్థం కావాలి. తెలుగులో జలుబుకు ప్రాంతానికొక మాట ఉన్నది. తెలంగాణ వారు సర్ది అంటారు. కోస్తా వారు రొంప అంటారు. పడిశం అనేవారూ ఉన్నారు. మరాఠీలోనూ సర్దీ అనే మాటే ఉన్నది కనుక కరీంనగర్ తల్లి చెప్పినది ఇక్కడి నర్సుకు వెంటనే అర్థమవుతుంది. కాకినాడ తల్లి ‘కాస్త రొంప పట్టింది’ అంటే అర్థం కాకపోవచ్చు. పట్టికలో ఆ గడి ఖాళీగా మిగిలిపోతుంది. శ్వాస ఆడకపోవడాన్ని ఒకరు దమ్ము అంటారు, ఒకరు ఆయాసం అంటారు. ‘ఒళ్లు వెచ్చబడింది’ అన్నా, ‘జరం వచ్చింది’ అన్నా ఒకటే కబురు.

రెండు భాషలూ తెలిసిన ముంబయి తెలుగువారు చేయగల గొప్ప సహాయం ఇక్కడ ఉన్నది. దుబాసీగా నిలబడినప్పుడు ‘బాగానే ఉన్నాడట’ అని కుదించి చెప్పకండి. అడిగినది అడిగినట్టు, చెప్పినది చెప్పినట్టు చేరవేయండి. ‘ఎప్పటి నుండి?’ అన్న ప్రశ్నకు తేదీ రాబట్టండి. ‘మొన్నటి నుండి’ అంటే కొందరికి రెండు రోజులు, కొందరికి వారం.

గుర్తించిన తరువాత

వ్యాప్తి అనుమానం కలిగిన నాడే, పరీక్ష ఫలితం కోసం ఆగకుండా, కొన్ని పనులు మొదలవుతాయి. లక్షణాలున్న బిడ్డను వేరు గదిలో ఉంచుతారు. గదులు చాలకపోతే ఒకే వైరస్ ఉన్నవారిని ఒకచోట చేర్చి, వారికి వేరుగా సిబ్బందిని నియమిస్తారు. ఆటల మూల మూసివేస్తారు. బొమ్మలను, పడక కమ్మీలను, తలుపు పిడులను శుభ్రం చేస్తారు. బిడ్డకు ఒక్కరినే తోడుగా అనుమతిస్తారు. జలుబు ఉన్న సిబ్బంది ఇంటి వద్ద ఉండాలి. ఇన్‌ఫ్లుయెంజా అయితే ఒసెల్టామివిర్ అనే మందు ఉన్నది. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు. ఆర్‌ఎస్‌వి వంటి వాటికి అంత నమ్మకమైన మందు లేదు కనుక పాకకుండా ఆపడమే ముఖ్య చికిత్స.

లెక్క వార్డు గడప దగ్గర ఆగరాదు. ఈ పిల్లలు ఒకరోజు వార్డులో, ఒకరోజు డేకేర్ విభాగంలో, మిగిలిన రోజులు పరేల్, దాదర్ ప్రాంతాల వసతిగృహాలలో ఉంటారు. ఉమ్మడి వంటగది, ఉమ్మడి నీళ్ల కుళాయి కూడా గొలుసులో కడియాలే.

కుటుంబాలు పాటించవలసినవి

1. బిడ్డకు గాని, తోడున్నవారికి గాని, బసలో పక్కవారికి గాని జలుబు, దగ్గు, జ్వరం ఉంటే లోపలికి వెళ్లకముందే చెప్పవలెను. మొదలైన తేదీ చెప్పవలెను.
2. బిడ్డకు జ్వరం ఉన్నదని తోచిన వెంటనే ఆసుపత్రికి తెలపవలెను. వైద్యుని అడగకుండా జ్వరం మందు వేసి గుర్తును కప్పిపుచ్చరాదు.
3. బిడ్డను ముట్టుకునే ముందు, తరువాత చేతులు కడుగుకోవలెను. పక్క పడక బిడ్డను ముద్దుగా ఎత్తుకోరాదు.
4. పలకరించడానికి గుంపుగా వెళ్లరాదు. కొద్దిపాటి జలుబు ఉన్నా ఫోనులో పలకరించడమే ప్రేమ.
5. ఇంటిల్లిపాదీ ఏటా ఇన్‌ఫ్లుయెంజా టీకా వేయించుకోవడం మంచిది. బిడ్డకు ఏ టీకా ఎప్పుడన్నది క్యాన్సర్ వైద్యుడే నిర్ణయించవలెను. కీమో కాలంలో సజీవ వైరస్ టీకాలు సాధారణంగా ఇవ్వరు.

అభ్యాస ప్రశ్నలు

1. పడక 9 బిడ్డ జ్వరాన్ని విడిగా చూస్తే తెలియనిది, పట్టికలో చూస్తే తెలిసినది ఏమిటి?
2. అదే వార్డులో వైరస్ ఆర్‌ఎస్‌వి కాక ఇన్‌ఫ్లుయెంజా అయి ఉంటే, ఆగస్టు 3 నాటి ఆట పడక 9 బిడ్డ లక్షణానికి కారణం కాగలదా? పొదుగుదల కాలంతో లెక్కించి చెప్పండి.
3. పడక 3 బిడ్డ తండ్రి ఆగస్టు 1న నిజం చెప్పగలగాలంటే ఆయనకు ఎవరు, ఏ మాట, ఏ భాషలో ముందుగా చెప్పి ఉండవలసినది?